నములు అనని పూట

మా అమ్మాయికి నాలుగేళ్ళు. దానికి అన్నం ముద్ద పెడితే కడుపులోకి వెళ్ళదు, బుగ్గలోకి వెళ్ళి అక్కడే కాపురం పెడుతుంది. మా అత్తయ్య దాన్ని గోదాము అని పిలుస్తుంది. "సరుకు దించుకోవడమే కానీ పంపించడం లేదు ఈ గోదాములో," అని పూటకోసారి అంటుంది.

నాకు నవ్వు వచ్చేది కాదు. బడిలో చేర్చడానికి తీసుకెళ్ళినప్పుడు అక్కడి నర్సు పిల్ల బరువు చూసి పెదవి విరిచింది. ఆ విరుపు నా కళ్ళలోంచి పోలేదు. దవడలో ఏదో లోపముందని, నాలుక కింద నరం బిగుసుకుపోయిందని, ఇవేవీ కాకపోతే నాకు పేరు తెలియని జబ్బేదో ఉందని నాకు నేనే తేల్చేసుకున్నాను. విశ్వవిద్యాలయం వాళ్ళ దంత కళాశాలలో నమలడం మీద పరిశోధన జరుగుతోందని మా ఆయన ఎక్కడో విని వచ్చి చెప్పారు. మా పిల్ల కోసమే పెట్టారనుకున్నాను. అన్నం డబ్బా సర్దుకుని, అత్తయ్యను తోడు తీసుకుని వెళ్ళాను.

తెల్లకోటు వేసుకున్న పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి మమ్మల్ని ప్రయోగశాలలోంచి నడిపించుకుపోయింది. మధ్యలో ఒక గాజు పెట్టె. అందులో ఇనుప దవడలు టకటకమని కొట్టుకుంటున్నాయి. వాటి మీద ఒకసారి వేడి నీళ్ళు, ఒకసారి చల్ల నీళ్ళు పడుతున్నాయి.

"ఇది నమిలే యంత్రమండీ. పళ్ళలో నింపే సిమెంటు ఎన్నాళ్ళు ఆగుతుందో దీనితో చూస్తాం. రాత్రీ పగలూ నములుతూనే ఉంటుంది."

"ఎవరూ బతిమాలకుండానే?" అంది అత్తయ్య.

"స్విచ్చి వేస్తే చాలండీ."

"దీన్ని కన్నతల్లి పుణ్యం చేసుకుంది," అంది అత్తయ్య నా వైపు చూడకుండా.

పెద్ద డాక్టరుగారు పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళు చూశారు, దవడ నొక్కారు, నాలుక ఎత్తించారు. "పిల్ల నోరు బంగారంలా ఉందమ్మా," అన్నారు. సంతోషించాల్సిన మాటే. కానీ జబ్బు లేకపోతే తప్పు ఇంకెవరిదవుతుంది?

"మరి ఎందుకు నమలదండీ?" అన్నాను. ఆయన నా మాట వినడం లేదు, నా నోరు చూస్తున్నారు.

"మీరొకసారి నోరు తెరవండి."

"నాకేం లేదండీ, పిల్లకే."

తెరవక తప్పలేదు. ఆయన చిన్న అద్దం పెట్టి చూసి, లంకెబిందెలు దొరికినవాడిలా విద్యార్థినిని పిలిచారు. "ఇటు రా, ఈ అరుగుదల చూడు. మీ వయసెంతమ్మా?"

"ఇరవై ఐదండీ."

"మీ పళ్ళకి యాభై నిండాయి."

"యంత్రంతో నెలల తరబడి నమిలించినా ఇంత నున్నగా రాలేదు సార్," అంది ఆ అమ్మాయి ఆశగా.

నేను నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట. అలాంటివాళ్ళ మీద వాళ్ళు వేరే పరిశోధన కూడా చేస్తున్నారట. అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆ చప్పుడు ఎలకలదనుకున్నానయ్యా. బోను కూడా పెట్టాను."

అలా పిల్ల కుర్చీ దిగింది, నేనెక్కాను. రాత్రి ఎంత కొరుకుతున్నానో దాని అరుగుదల చూసి లెక్కకట్టడానికి నా పళ్ళకి తొడుగు చేస్తారట, దానికి ముందు అచ్చు తీయాలట. గులాబీరంగు ముద్దను దవడ ఆకారంలో ఉన్న చిన్న పళ్ళెంలో నింపి నా నోట్లో అదిమారు. "గట్టిపడేదాకా కదలొద్దు, మాట్లాడొద్దు," అని విద్యార్థిని నా గడ్డం పట్టుకుంది. అత్తయ్య యంత్రాన్ని ఇంకోసారి చూసొస్తానని వెళ్ళిపోయింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మా పిల్ల డబ్బా మూత తీసింది. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. యథాప్రకారం బుగ్గలో దాచింది. తర్వాత నా మాట కోసం నా మొహంలోకి చూసింది. నా గొంతులో "నములు" అప్పటికే తయారుగా ఉంది. "ఊఁ" అని మాత్రమే వచ్చింది.

"మాట్లాడకండి," అంది విద్యార్థిని.

పిల్ల ఇంకాసేపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. దానికి విసుగు పుట్టినట్టుంది. మెల్లగా దవడ కదిలింది, గొంతు కదిలింది. ఇంకో ముద్ద తీసుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది విద్యార్థిని. జవాబెలా చెప్పను?

కాసేపటికి అచ్చు ఊడబెరికారు. నోరు ఖాళీ అయ్యీ కాకముందే "నములు తల్లీ" అనేశాను. ఆడుతున్న దవడ అక్కడికక్కడే ఆగిపోయింది.

వారం తర్వాత తొడుగు చేతికిచ్చి, రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. పిల్లకు అన్నం పెట్టే వేళల్లోనూ పెట్టుకున్నాను. అది ఉంటే మాట ముద్దముద్దగా వస్తుంది, సిగ్గేసి నోరు తెరవను. మొదట్లో లోపల పళ్ళు పటపటలాడించుకుంటూ కూర్చునేదాన్ని. బయట మాత్రం పిల్ల పళ్ళెం ఖాళీ అయ్యేది.

నెల తర్వాత పెద్ద డాక్టరుగారు ఆ తొడుగును వెలుతురుకి ఎత్తి చూసి మురిసిపోయారు. "రాత్రిళ్ళు బాగా కొరుకుతున్నారే."

ఉన్నమాట చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. "పగలు అరిగిందేదో, రాత్రి అరిగిందేదో ఎలా తేల్చేదమ్మా? ఇక మీరు మా లెక్కలోకి రారు."

"పిల్ల ఒళ్ళు చేసింది కదయ్యా, అది రాసుకోండి," అంది అత్తయ్య.

"అది మా విభాగం కాదండీ."

తొడుగు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఒకరి నోట్లోది ఇంకొకరికి పనికిరాదు కదా. మేము గుమ్మం దాటుతుంటే విద్యార్థిని వెనకే వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "మా అన్నయ్య కొడుకు కూడా ఇంతేనండీ, ముద్ద మింగడు. మా వదినకొకటి చేసిమ్మంటారా?"

చెప్పడానికి బోలెడుంది. కానీ అప్పటికే మా పిల్ల వరండాలో బల్ల మీద చతికిలబడి డబ్బా తెరిచింది. నేను నోరు మెదపకుండా తల ఊపాను.