ఎడమ మూల ఆటగాడికి మార్కులు

దాలినాయుడి కుడిచెయ్యి కూర్మారావు ఎడమచేతిలో ఉండిపోయి ఈ పొద్దుటికి పదకొండు రోజులు.

ఇద్దరూ మా కాలేజీ కబడ్డీ జట్టులో ఆడతారు. దాలినాయుడిది ఎడమ మూల. కూర్మారావు అతని పక్కనే నిలబడతాడు. కూతకు వచ్చినవాణ్ణి పట్టే జట్టు చేతులు కలుపుకుని కాసుకుంటుంది కనక మూడేళ్లుగా ఆ చెయ్యి ఈ చేతిలోనే ఉంటూ వచ్చింది. వాళ్లకి పట్టు నేర్పింది నేను. నేను చదివింది ఊరిబడిలో అయిదో క్లాసు, నేర్పుతున్నది డిగ్రీవాళ్లకి. నా తెలివి చూసి కాదు, నా పిక్కలు చూసి పెట్టుకున్నారు.

సాయంత్రం దాలినాయుడు తన ఊరు వెళతాడు, కూర్మారావు తన ఊరు వెళతాడు. మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. చేతులు సాగుతాయి. జీడితోటల మీదుగా, రైలుకట్ట కింద తూములోంచి వెళతాయి. దారిలో ఆడవాళ్లు వాటిమీద చీరలు ఆరేస్తారు. రోడ్డుకి అడ్డం వచ్చినచోట బస్సు కండక్టరు దిగి, గెడకర్రతో చేతుల్ని పైకెత్తి, రైట్ రైట్ అంటాడు. ఎవరో తహసీల్దారుకి అర్జీ పెట్టారు. ఆయన వచ్చి చూసి, దీన్ని టెలిఫోను తీగ కింద రాసుకోమన్నాడు.

దీనికి కారణం మండలంలో అందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది సుదర్శనంగారొక్కడే.

సుదర్శనంగారు పట్నంలో ఆడే పెద్ద జట్టుకి కుర్రాళ్లను ఎంచి పెట్టే మనిషి. పదకొండు రోజుల కిందట మా కుర్రాళ్ల ఆట చూడటానికి వచ్చాడు. విజిలు కూడా తనే ఊదుతానన్నాడు. ఆఖరి కూతకి అవతలి కాలేజీ జోగులు వచ్చాడు. దాలినాయుడు అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు. కూర్మారావు ముందుకి పడ్డాడు. జోగులు బోర్లా పడి, కూత ఆపకుండా, మధ్యగీత కేసి జానెడు జానెడు పాకుతున్నాడు. గీత తాకాడా, వాడు బతికినట్టు. తాకకుండా కూత ఆగిందా, మా పట్టు గెలిచినట్టు. సరిగ్గా అప్పుడు సుదర్శనంగారు విజిలు ఊదేసి, కావలసింది చూసేశాం అని కారెక్కాడు.

ఏం చూశాడు? సగం పట్టు చూశాడు. సగం కాగిన పాలు చూసి మీగడ బాగుందన్నట్టు.

నేను నేర్పిన నియమం ఒకటే: కూత ఆగేదాకా చెయ్యి ఒగ్గకూడదు. కూత ఆగలేదు, నా కుర్రాళ్లు ఒగ్గలేదు. జోగులు కూడా నియమం గలవాడే. పదకొండు రోజులుగా కబడ్డీ కబడ్డీ అంటూనే అన్నం తింటున్నాడు. అలా అంటూనే సెమిస్టరు పరీక్ష రాశాడు. పెళ్లిచూపులకి వెళ్లి అలా అంటూనే కూర్చున్నాడు. ఊపిరి గలవాడని పిల్ల ఒప్పుకుంది.

ఈ పొద్దున సుదర్శనంగారు తెల్లటి బస్సులో మళ్లీ దిగాడు. దాలినాయుడి పేరు జాబితాలో ఉంది. తీసుకుపోయే ముందు కొలతలు వెయ్యాలి, ఒక కాగితం నింపాలి. అందులో ఆఖరి గడి పేరు ‘పట్టు’. పదికి ఎన్నో నేను వేసి సంతకం పెట్టాలి. రేపటితో దాలినాయుడికి ఇరవై రెండు నిండుతాయి, జాబితాలో వయసు దాటిపోతుంది. ఇవాళ ఈ బస్సు ఎక్కకపోతే ఇక ఏ బస్సూ లేదు.

కొలతలు మొదలవుతాయి. ఎత్తు, ఛాతీ, పిక్క. చేతుల చాపు కొలవడానికి సుదర్శనంగారు ఇద్దర్నీ వాళ్ల వాళ్ల ఊళ్లకి పంపి, టేపు చివర పట్టుకుని బస్సులో వెళ్లి, గంటన్నరకి తిరిగొస్తాడు. చాపు బాగుందంటాడు. పరుగు పెట్టిస్తాడు. దాలినాయుడితోపాటు కూర్మారావూ పరిగెడతాడు. గడియారం ఒకడికే తిరుగుతుంది.

నేను టేపు లాక్కుని కూర్మారావు భుజాలకి వేసి చూస్తాను. టేపుమీద అంకెలు చెరిగిపోతాయి. తీస్తే వస్తాయి, వేస్తే పోతాయి.

"జాబితాలో లేడు కదా పెద్దాయనా, కొలతలు ఉండవు," అంటాడు సుదర్శనంగారు, నాచేత పలకమీద అక్షరాలు దిద్దిస్తున్నట్టు. "ఇప్పుడు ఆ అబ్బాయిని చెయ్యి వదలమనండి."

"ఒగ్గనని నానెప్పుడన్నాను బావూ?" అంటాడు కూర్మారావు. "కూత ఆగనీ. ఒగ్గుతాను."

దాలినాయుడు బస్సు కిటికీల కేసి చూస్తున్నాడు. వాడికి వెళ్లాలని ఉంది. అది తప్పంటానా? పొద్దున్నే లేచి ఇసకలో వెయ్యి గుంజీలు తీసింది జీడితోటలకి కాపలా కాయడానికి కాదు.

నాకు ఎక్కడో కాలుతోంది. మనిషిని ముక్కలుగా కొలిచి, ముక్కలు బాగున్నాయంటున్నారు. నేను సుదర్శనంగారి మెళ్లో విజిలు చూపించి, ఊదింది వెనక్కి తీసుకోమంటాను. అది ఎలా కుదురుతుందని ఆయన అడగడు. ఎంతసేపు పడుతుందని అడుగుతాడు. ఊదినంతసేపే అంటాను.

ఆయన విజిలు నోట్లో పెట్టుకుని లోపలికి పీలుస్తాడు. శబ్దం జీడితోటల వెనకనించి, రైలుకట్టమీంచి, దాన్ని విన్న వాళ్లందరి చెవుల్లోంచి వెనక్కి వచ్చి విజిల్లో దూరుతుంది. విజిలు లోపలి గింజ ఒకసారి టక్కున కదిలి ఆగుతుంది. పదకొండు రోజులు కోర్టు అంచుల్లో బియ్యప్పిండిలా రాలి పడతాయి. జోగులు ఎక్కడున్నవాడు అక్కడినించి వచ్చి, ఏ దుమ్ములో బోర్లా పడ్డాడో ఆ దుమ్ములో బోర్లా ఉన్నాడు. చేతికి ఆడపెళ్లివాళ్లు పెట్టిన గడియారం ఒక్కటే అదనం.

ఇప్పుడు నేను చూస్తున్నాను. వెయ్యికళ్లతో అంటారే, నాకు రెండే ఉన్నాయి, అవి చాలు.

దాలినాయుడి పట్టు జారుతోంది.

చీలమండ చెమటకి వేళ్లలోంచి ఒక్కొక్క గీటు ముందుకి పోతోంది. జోగులు వేలికీ గీతకీ మధ్య బెత్తెడు. కూర్మారావు జోగులు భుజం కింద తల దూర్చి, ఎడమచేత్తో దాలినాయుణ్ణి తనకేసి గుంజుకుంటున్నాడు. అలా గుంజినప్పుడే జారిన చెయ్యి మళ్లీ మడమమీద పడుతోంది. బెత్తెడు రెండు వేళ్లయింది, అక్కడే ఆగింది. కబడ్డీ కబ్బ, అంటాడు జోగులు. ఆపేస్తాడు. అమ్మయ్య అని దుమ్ములోనే పడి నిద్రపోతాడు.

రెండు చేతులు విడిపోతాయి. తడిగోడ నించి కాగితం ఊడినట్టు చిన్న చప్పుడు.

సుదర్శనంగారు చప్పట్లు కొట్టి, కాగితం నా ముందు పెట్టి, తొమ్మిదా పదా అంటాడు. దాలినాయుడు నా దగ్గరికి వచ్చి నిలబడతాడు. వాడి కుడిచెయ్యి ఏం చెయ్యాలో తెలీక గాల్లో వేలాడుతోంది.

"తాతా, నువ్వు సూసేవు గదా," అంటాడు మెల్లిగా.

"చూశాను."

"జారిపోనాడు."

"కూర్మారావు గుంజకపోతే జారిపోయేవాడే."

"మరేటి రాస్తావు?"

నాకు కోపం వాడిమీద కాదు. నిజం రాస్తే వాడి బతుకు ఇక్కడే ఆగిపోతుంది. అబద్ధం రాస్తే పట్నంలో మొదటి ఆటలోనే వాడి వేళ్లలోంచి ఎవడో జారిపోతాడు, దాలినాయుడెంత పొడుగున్నా ఎంత ఛాతీ ఉన్నా ఇంటికి పంపేస్తారు. ఈ రెండిట్లో ఒకటి రాయమని గడి గీసినవాడెవడు? వాడు దొరికితే ఆ గడిలోనే కూర్చోబెడతాను.

కలం తీసుకుని రాయడం మొదలెడతాను. ఇది ఒకడి పట్టు కాదు, ఇద్దరిది, ఒకణ్ణి తీసుకుంటే సగం తీసుకున్నట్టు. గడి అయిపోతుంది. సుదర్శనంగారు ఆ గడిలో ఒక్క అంకె పడుతుందంతే అంటాడు. నేను ఆపను. అక్షరాలు కాగితం దాటి బల్లమీదికి, బల్లకాలి మీంచి నేలమీదికి దిగుతాయి. నేను వంగి రాసుకుంటూ పోతాను. రెండోవాణ్ణి ఎందుకు చూడలేదు, మీ కళ్లకేం వచ్చింది, మీ అమ్మ మిమ్మల్ని ఒంటిచేత్తో పెంచిందా. వాక్యం మైదానం గేటుదాకా వెళుతుంది. బస్సుకీ రోడ్డుకీ మధ్య అడ్డంగా, తెల్లగా, తిన్నగా పడుతుంది.

లేచి చూస్తే అది గీత.

సుదర్శనంగారు పదో తొమ్మిదో తనే వేసుకుని, దాలినాయుణ్ణి భుజం పట్టి ఎక్కించి, తలుపు వేయిస్తాడు. దాలినాయుడు నాకేసి చూడడు, కూర్మారావుకేసి చూడడు. కూర్మారావు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

డ్రైవరు గీత చూసి బ్రేకు వేస్తాడు. పెద్దమనిషి, ఆట తెలిసినవాడు. ఇవతలి వైపు మా కోర్టు, అవతలి వైపు ఆయన రోడ్డు. కూత పెట్టకుండా ఇవతల ఎంతసేపు నిలబడ్డా అవుటే. కనక ఊపిరి బిగబట్టి మొదలెడతాడు. బస్సు కబడ్డీ కబడ్డీ అంటూ కదులుతుంది.

"నీది వెనక చక్రం," అంటాను కూర్మారావుతో.

వాడు పడి వెనక చక్రం పడతాడు. నేను డెబ్బై ఎనిమిదేళ్ల మోకాళ్లతో ముందు బంపరుకి అడ్డం పడతాను. బస్సు మమ్మల్ని ఈడుస్తుంది. ఆగుతుంది. ఈడుస్తుంది. దాని గొంతులో డీజిలు వాసన. లోపల సుదర్శనంగారు కిటికీ దించి, ఇది నియమావళిలో లేదంటాడు. బస్సుని ఎక్కడ పట్టకూడదో చదివి వినిపించమంటాను. వెతుకుతున్నాడు. చాలా పేజీలున్నాయి.

గీతకి ఇంకా మూడు మూరల దూరం ఉంది. ఇక కదలలేనని తెలిసి బస్సు తన ముందున్న ఇనపజాలీ విప్పుతుంది. లోపలినించి నాలుక బయటికి వస్తుంది. ఎర్రగా, తడిగా, మంచం పట్టెంత వెడల్పు. దుమ్ములో అటూ ఇటూ తడుముకుంటూ నా చెవి పక్కనించి గీత కేసి పోతుంది. ఒంట్లో ఏ భాగం తాకినా తాకినట్టే. నాకు చేతులు ఖాళీ లేవు. కూర్మారావుకీ లేవు.

తలుపు తెరుచుకున్న చప్పుడు.

దాలినాయుడు మెట్టు దిగుతాడు. పరిగెత్తడు. మూల ఆటగాడు ఎప్పుడూ పరిగెత్తడు, వచ్చేదాకా కాసుకుంటాడు. నాలుక చివర గీతకి బెత్తెడు దూరంలో ఉండగా మోకాళ్లమీద కూలబడి రెండు చేతులా పట్టుకుంటాడు. నాలుక వేళ్లలోంచి జారుతుంది. వదలడు. జారుతుంది. వంగి పళ్లతో కరుస్తాడు.

బస్సు కళ్లు రెండూ వెలుగుతాయి. కూత నడుస్తోంది. దాలినాయుడి గెడ్డం మీంచి బస్సు ఉమ్ము బొట్లు బొట్లుగా నేలమీద పడుతోంది. పడ్డచోటల్లా చిన్న చిన్న బస్సులు మొలిచి, కళ్లు తెరిచి, ఎప్పుడు ఒగ్గుతామా అని మా వేళ్లకేసి చూస్తున్నాయి.