స్పిన్నర్ ఎవరికేసి చూసింది

ఆదివారం దర్జీ కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి, భార్య మంచం మీదున్న విమానం రెక్కను ఎత్తి గోడకు ఆనించి, అతను కూర్చోడానికి చోటు చేస్తుంది. పెద్ద సైజు బొమ్మ విమానాలు చేసే మగవాళ్ళున్న ఇళ్ళలో మనుషులకు చోటు ఇలాగే దొరుకుతుంది.

ఇది మూడో విమానం. మొదటిది నేలను గుద్దుకుంది. రెండోది మీసాల పెద్దాయన స్కూటర్ మీద పడింది. విమానాలు ఎగరేసే మైదానం తాళంచెవి ఆ పెద్దాయన దగ్గరే ఉంటుంది.

"ఇదీ పడిందనుకో నాయనా, ఇక కుట్టు మిషనే తొక్కుకో" అన్నాడాయన.

అన్నీ అయ్యి ఇక స్పిన్నర్ మిగిలింది. అంటే ప్రొపెల్లర్ మధ్యలో బిగించే మొనదేలిన టోపీ. బొమ్మ విమానాల సామాను అమ్మే కొట్టులో స్పిన్నర్లు తమను ఎవరు బిగిస్తే బాగుంటుందో వాళ్ళకేసి కొస తిప్పి చూస్తాయి. అందుకే ఆ కొట్టువాడికి అమ్మడం చేతకాదు, అవసరమూ పడలేదు. దర్జీకి కావలసిన కొలతలో ఒక్కటే ఉంది, తళతళలాడే అల్యూమినియంది. అది కిటికీలోంచి దర్జీ ఇల్లున్న వీధిలోకి చూస్తోంది.

"మీకేసి చూడట్లేదండీ" అన్నాడు కొట్టువాడు.

"నాక్కావలసింది కొలత. చూపులు కాదు."

ఇంటికొచ్చాక అది వంటింట్లో ఉన్న భార్యకేసి తిరిగింది. దర్జీకి ఒళ్ళు మండింది. ఇంజన్ షాఫ్టు దూరేలా దాని వెనక బిళ్ళకు చిల్లు పెద్దది చేశాడు. ఊరి పిల్లల చొక్కాలన్నీ వచ్చే ఏడాదికి సరిపోయేలా కుట్టే మనిషి కదా, అక్కడా కాస్త వదులు వదిలాడు. ఇనుప షాఫ్టు ఎదగదని తెలియక కాదు, చెయ్యి ఊరుకోలేదు.

మర్నాడు పొద్దున మైదానంలో భార్య ఎటు నడిస్తే స్పిన్నర్ అటు తిరిగింది. దానికి బిగించి ఉన్న పాపానికి విమానం కూడా తిరిగింది. దర్జీ ప్రొపెల్లర్ పట్టుకోబోయినప్పుడల్లా రెక్కొచ్చి మోకాలికి తగిలింది.

"మీ ఆవిణ్ణి పిలువు. ఎండెక్కుతోంది" అన్నాడు పెద్దాయన.

ఆవిడ వచ్చింది. ఇంజన్ ప్లగ్ తీగ పీకి, మొగుడి జేబులోంచి గుడ్డ మీద గీసే సుద్దబిళ్ళ తీసి, స్పిన్నర్‌కి తగిలీ తగలకుండా పట్టుకుని ప్రొపెల్లర్ తిప్పింది. సుద్ద ఒక పక్కే అంటింది, అంటే స్పిన్నర్ నడిమధ్యకు కూర్చోలేదు.

"చిల్లు ఎంత వదులు పెట్టారు?"

"కొంచెం. మరీ బిగుతైతే ఇబ్బందని."

"ఎవరికి, ఇంజన్‌కా?"

పెద్దాయన స్కూటర్ని దూరంగా తోసుకెళ్ళాడు.

ఆవిడ కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి షాఫ్టుకి ఒక చుట్టు చుట్టింది. ఇప్పుడు బిళ్ళ కదలకుండా కూర్చుంది. బిగించి మళ్ళీ తిప్పితే సుద్ద గీత చుట్టూ సమంగా పడింది.

"ఆ రిమోట్ కూడా ఇటివ్వండి" అంది. ఇన్నాళ్ళూ విమానం తోక పట్టుకుని నిలబడి, అతని వేళ్ళు ఎక్కడ తప్పుతున్నాయో చూస్తూనే ఉంది మరి.

దర్జీ ఇచ్చేశాడు. ఇస్తుంటే భుజాలు తేలికయ్యాయి. విమానాలు చెయ్యడమంటే అతనికి ప్రాణం. ఎగరెయ్యడమంటే చచ్చేంత భయం. ఎవరితోనూ అనలేదు.

ఇంజన్ వణుకు లేకుండా అందుకుంది. విమానం లేచి మైదానం చుట్టూ తీరుబడిగా తిరిగింది. పెద్దాయన స్కూటర్ని మళ్ళీ నీడలోకి తెచ్చుకున్నాడు.

దర్జీ గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. తను చేసింది పైన ఎగురుతుంటే ఇంత బావుంటుందని అతనికి తెలీదు. అంతకుముందు రెండుసార్లూ కళ్ళు మూసుకునే ఎగరేశాడు.