దొరబంగ్లా ముందు తలుపు

హోసూరు చుట్టుపక్కల పాత కట్టడాలన్నీ ఒక ఆదివారం జనానికి తెరిచి చూపిస్తారని ఆటోకు మైకు కట్టి మూడు భాషల్లో చాటుతుంటే, మా అత్త బసవమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. "దొరబంగ్లా కూడానా?" అని నన్ను అడిగింది. అవునన్నాను. చేతిలో కాయ గంపలో పడేసి లోపలికి వెళ్ళి, పెట్టెలోని పెండ్లి పట్టుచీర తీసి దండెం మీద ఆరేసింది. ఆ ఆదివారానికి ఇంకా వారం ఉంది!

మా కెలవరపల్లి నుంచి హోసూరు పోయే దారిలో ఉంటుంది ఆ బంగ్లా. అత్త కాపురానికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ఆ ఇంటికి పాలు పోసింది, ఎప్పుడూ వెనక తలుపు దగ్గరే. ఒకసారి జోరువానలో తలదాచుకుందామని ముందు మెట్లెక్కితే, "పాలామె వెనకాలకి పోవల్ల" అన్నాడట కాపలావాడు. బంగ్లా చేతులు మారింది, ఆ కాపలావాడూ లేడు, మా ఆవులూ లేవు. ఆ మాట మాత్రం అత్త మరిచిపోలేదు. ముందు తలుపులోంచి ఒక్కసారి లోపలికి పోవాలి, అదీ ఆమె కోరిక. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆదివారం మేం వెళ్ళేసరికి అక్కడ తిరునాళ్ళే. ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కర్నూలు నుంచి వచ్చిన ప్రవీణ అనే అమ్మాయి మైకు పట్టుకుని అంతా నడిపిస్తోంది. ముందు తలుపులోంచి లోపలికి, వెనక తలుపులోంచి బయటికి అని నేల మీద సున్నంతో బాణాలు గీయించింది. ఏర్పాటు బ్రహ్మాండం. ఒక్కటే ఆలోచించలేదు పాపం. మావాళ్ళు ఇల్లన్నాక చెప్పులు విడవకుండా గడప దాటరు. విడవమని ఎవరూ చెప్పలేదు. మొదట వచ్చినాయన ముందు మెట్ల దగ్గర విడిచాడు, తక్కినవాళ్ళంతా అక్కడే విడిచారు. బంగ్లా అంతా చూసి వెనక తేలేసరికి కాళ్ళ కింద కాలిపోతున్న సిమెంటు గచ్చు! పెద్దమనుషులు పంచెలెత్తుకుని గెంతుతూ, పట్టుచీరల ఆడవాళ్ళు కెవ్వుకెవ్వుమంటూ చెప్పుల కోసం ఇంటి ముందుకు పరుగు. వరుసలో ఉన్నవాళ్ళేమో వీళ్ళు మధ్యలో దూరుతున్నారని అడ్డం. తమిళంలో తిట్టు, కన్నడంలో జవాబు, తెలుగులో నవ్వు. నాకైతే నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది.

అత్త నవ్వలేదు. తలలో కనకాంబరాలు, ఒంటి మీద పట్టుచీర, కళ్ళు తలుపు మీద. మెల్లగా జరిగి జరిగి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడే మైకు మోగింది.

"దయచేసి వినండి! ముందువైపు చెప్పులతో దారి మూసుకుపోయింది. ఇకమీదట అందరూ వెనక నుంచి లోపలికి వెళ్ళి, ముందు నుంచి బయటికి రావాలి!"

అత్త మెట్టు మీద నుంచి కాలు తీయలేదు.

"నేను పోను. ఆ వెనక తలుపు నాకు తెలీదామ్మా? దాని దగ్గరే అరిగిపోయినాను నేను!"

"యా తలుపైతే ఏముండాది? లోపల అదే ఇల్లు కదా," అన్నాడు మా మామ దాసప్ప. పొద్దుటి నుంచీ పట్టుచీర మీద ఎగతాళి చేస్తున్నది ఈయనే.

"నిన్ను ఎవురూ పొమ్మన్లేదు లే, నీకెట్ల తెలుస్తాది!"

ఆ మాటతో నాకు నవ్వు ఆగిపోయింది. అప్పటికే వరుస మొత్తం వెనక్కి తిరిగింది. అత్త చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకుపోయాను. వెనక గడప దగ్గర చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చింది. వంటిల్లు, నిలువుటద్దం, ఊరంతా కూర్చోగల భోజనాల బల్ల, దేన్నీ చూడలేదు. చివరికి హాలు, దాని కొసన ముందు తలుపు, బార్లా తెరిచి.

అత్త ఆ తలుపులోంచి వసారాలోకి వచ్చి నిలబడింది. కింద జనం జనం. అడ్డంగా ఉన్నవాళ్ళను జరపడానికి ప్రవీణ మైకులో, "జరగండి, అమ్మగారికి దారివ్వండి!" అంది. అందరూ తలెత్తి చూశారు. పట్టుచీర చూసి ఇంటావిడే అనుకున్నాడేమో, కొత్తగా ఊరికొచ్చిన ఒకాయన చేతులు జోడించాడు.

"ఇల్లు చాలా బాగుందమ్మా!"

అత్త కొంగు సర్దుకుంది.

"ఆఁ. ఎండలో వచ్చినారు, నీడకి రాండప్పా. వానొచ్చినా ఈడికే రాండి, ఎవురూ ఏమన్రు," అంది.

నేను పైట నోట్లో కుక్కుకున్నాను, నవ్వుకో ఏడుపుకో నాకే తెలియదు. మెట్ల కొసకు వచ్చి అత్త ఆగింది. ఉత్త కాళ్ళు.

"అత్తా, నీ చెప్పులు వెనకాల ఉండాయి. రా, పోదాం."

"మీ మామను పొమ్మను. నేను మళ్ళా ఆ వెనకాలకి పోను," అంటూ మెట్టు మీద కూర్చుంది.

మామ ఆమె ముఖం కేసి చూశాడు. ఎండలో చుట్టు తిరిగి వెళ్ళి, చెప్పులు వెతికి తెచ్చి, అందరూ చూస్తుండగా ముందు మెట్టు మీద ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.