పెట్టెకు మొదలెటు?

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఎడారి మీదుగా వచ్చే హర్మటాన్ గాలి పొడిగా, చలిగా వీస్తోంది. ధూళి వెనుక సూర్యుడు పాలిపోయి ఉన్నాడు. జారియాకు తూర్పున, కోత ముగిసిన జొన్నచేనులో, ఇంజనీరు అసాబె మదాకి ఒక చెక్కపెట్టె ముందు కూర్చుని ఉంది.

పెట్టెలో వరుసగా ఆరు గళ్లు. ముందురోజు బోరు వేస్తూ మీటరుకొకటి చొప్పున తీసిన మట్టి వాటిలో ఉంది. లోతు రాసిన చీటీలను రాత్రి గాలి ఎత్తుకుపోయింది. మేకల కాళ్లు విరగకూడదని బోరుగుంతను అప్పుడే పూడ్చేశారు. కనుక నేల లోపలి సంగతికి ఆ పెట్టె ఒక్కటే సాక్షి. ఎడమ నుంచి చూస్తే ముందు వేలు దిగబడే తెల్ల బంకమట్టి, తర్వాత గట్టి ఎర్రకంకర. పైనే అంత మెత్తగా ఉన్న నేల మీద ప్రసూతి ఆసుపత్రి కట్టరు. అది పక్క ఊరికి పోతుంది.

నొప్పులు పడే ఆడవాళ్లను ఎద్దుబండిలో ఆ పక్క ఊరికి తీసుకువెళ్తూ, దారిలోనే పురుడు పోసిన మంత్రసాని కాండె ఎదురుగా నిలబడింది.

"ఈ చేలో గునపం వేస్తే నిప్పులు రాలతాయి బిడ్డా. మెత్తన అంటావేమిటి?"

"నేననడం లేదు పెద్దమ్మా, పెట్టె అంటోంది."

"అయితే పెట్టెకే మతిపోయింది."

అసాబె కుడి చివరి గడిలోని గడ్డను చిదిమింది. ఎండిన జొన్నవేరు బయటపడింది. ఆరు మీటర్ల లోతున జొన్నవేరా? పైనుంచి రాలిందేమోనని ఇంకో గడ్డ చిదిమింది. అందులోనూ జొన్నవేరు. బోరు వేసిన తనీము వైపు తిరిగింది. సాయంత్రాలు పిల్లలకు ఖురాను చెబుతాడు కనుక అతన్ని అందరూ మాలం అంటారు.

"మాలం, మీ ఊళ్లో జొన్న తలకిందులుగా మొలుస్తుందా?"

"మా జొన్నకేం, నిక్షేపంగా ఉంది. మీరే పెట్టెను చివరి నుంచి చూస్తున్నారు."

"ఇది చివరా?"

"పుస్తకమైనా పెట్టె అయినా కుడి నుంచే కదమ్మా మొదలు?"

అతని జోడీ యోహాన్న నవ్వాడు. "నా బైబిలు ఎడమ నుంచే మాలం. నిన్న మీరు నమాజుకు వెళ్లినప్పుడు రెండు గళ్లు నేనే నింపాను."

"ఏవి?"

"మధ్యవి... అనుకుంటా."

"అనుకుంటావా? నేను వచ్చేసరికి అటు చివరివి నిండి ఉన్నట్టు గుర్తు."

"అవి మీరు నింపినవే కదా?"

కాండె ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఇద్దరు పంతుళ్లు చేరి నా ఆసుపత్రిని పూడ్చిపెట్టారు."

అసాబె మళ్లీ ఎడమ నుంచి చూసింది, మళ్లీ కుడి నుంచి చూసింది. వేరు ఒక కొసను మాత్రమే తేల్చింది. మిగతా గళ్ల మట్టి ఏ లోతుదో నింపిన ఇద్దరికే తెలియలేదు. తెలియనిదాన్ని ఊహతో నింపి సంతకం చేయడం ఆమెకు చేతకాలేదు. పెట్టెను బోర్లించి, పాత గుంత పక్కనే కొత్త బోరు మొదలుపెట్టించింది. ఈసారి మట్టిని చాప మీద, మొదటి కుప్ప కాండె కాళ్ల దగ్గర, తర్వాతవి ఒక్కొక్కటే దూరంగా పేర్చమంది. ఆ వరుసకు కుడి ఎడమలు లేవు. కాండె ప్రతి కుప్పనూ బొటనవేలితో నొక్కి చూసింది. ముందు వచ్చిన మూడింటిలోనూ వేలు దిగలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, ఆ చేలోనే కట్టిన ఆసుపత్రి వెనుక బావి తవ్వినప్పుడు, ముందు ఎర్రకంకర, దాని కింద తెల్ల బంకమట్టి వచ్చాయి.