ఇస్త్రీపెట్టె మాయమయ్యే రోజులు

మామయ్య పల్చటి ప్లైవుడ్ వంచే రోజున వర్క్‌షాపులో ఎవరూ ఉండకూడదు. ఎవరూ అంటే నేనూ, మా ముసలి కుక్కా. ఇద్దరినీ బయటికి తోలి లోపల గడియ పెట్టుకుంటాడు. గంట తర్వాత చెమటలు కక్కుతూ తలుపు తీస్తాడు. లోపల అచ్చు మీద ప్లైవుడ్ గుండ్రంగా, బుద్ధిగా ఒంగి ఉంటుంది. ఎలా చేశావంటే చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. "హస్తవాసి!"

ఈయన మా అమ్మకి తమ్ముడు. పని నేర్చుకుందామని ఆయన దగ్గర చేరి మూడేళ్లయింది. మూడేళ్లూ సాండ్‌పేపర్ రుద్దాను, లారీలోంచి షీట్లు మోశాను. నా కన్నంతా కిటికీ పక్కన వెలుతురు పడే బల్ల మీదే. "వంచడం వచ్చిన రోజు ఆ బల్ల నీదే" అన్నాడు. వంచేటప్పుడు మాత్రం చూడనివ్వడు. ఇక నాకెలా వస్తుంది, కలలోనా?

ఇంట్లో ఇంకో వింత. ఆయన వంచిన ప్రతిరోజూ అత్తయ్య ఇస్త్రీపెట్టె మాయమవుతుంది. సాయంత్రానికి మళ్లీ దాని చోట అది ఉంటుంది, అడుగున గోధుమరంగు మరకతో. మర్నాడు ఆ మరక మామయ్య తెల్లచొక్కాకి అంటుకుంటుంది. ఇస్త్రీ చేసేది నేను. "కళ్లెక్కడ పెట్టుకుని చేశావే?" అని అత్తయ్య నన్ను దులిపేస్తుంది. మామయ్య పేపర్లో తల దూర్చేస్తాడు.

మొన్న తలుపు సందులోంచి చూశాను. తప్పే. తప్పని తెలిసే చూశాను. అచ్చు మీద ప్లైవుడ్, దాని మీద తడి తువ్వాలు, తువ్వాలు మీద మా ఇంటి ఇస్త్రీపెట్టె, బుస్సుమని ఆవిరి. మామయ్య చెక్కని బతిమాలుతున్నాడు: "ఒంగమ్మా, ఇంకొంచెం, మా తల్లివి కదూ." నాతో ఒక్కరోజు కూడా అంత మెత్తగా మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు, "అత్తయ్యా, ఇస్త్రీపెట్టెని ఎవరో వాడుతున్నట్టున్నారు. అల్మారాలో పెట్టి తాళం వేద్దామా?" అన్నాను. అత్తయ్య నాకేసి ఒక్క చూపు చూసి, తాళం వేసి, చెవి తన సంచిలో పడేసుకుంది.

మర్నాడు పొద్దున మామయ్య ఇల్లంతా దొంగపిల్లిలా తిరిగి, ఉత్తచేతులతో పనికొచ్చాడు. ఆ రోజు చేయాల్సింది పళ్ల డాక్టరుగారి ఆస్పత్రికి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే ముందు బల్ల. పిల్లల తలలు తగలకుండా దాని మూల గుండ్రంగా తిరగాలి. ఆర్డరిచ్చిన రోజున మామయ్య తన హస్తవాసి గురించి బోలెడు గొప్పలు పోయాడు. డాక్టరుగారు ముచ్చటపడి, "వంచేటప్పుడు నేనూ చూస్తాను మేస్త్రీగారూ" అంటూ ఆ పొద్దున్నే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన్ని బయటికి తోలడం ఎలా?

మూడడుగుల చదరం ముక్కలు రెండే ఉన్నాయి. మామయ్య మొదటిదాన్ని అచ్చుకి ఆనించి, పళ్లు బిగబట్టి నొక్కాడు. ఫట్! నడిమికి విరిగింది. డాక్టరుగారు ఉలిక్కిపడి తన దవడ పట్టుకున్నారు.

నాకు నవ్వు రావాలి. రాలేదు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి, విరిగిన ముక్కల్ని రెండు చేతులతో పక్కపక్కన ఆనించి చూస్తున్నాడు. నాకు ఉలి పట్టడం నేర్పిన చేతులవి. ఛీ, ఎంత పని చేశానని నామీద నాకే అసహ్యం వేసింది.

ఆయన రెండో ముక్క అందుకోబోతుంటే, "ఆగు మామయ్యా. దాన్ని పావు తిప్పు" అన్నాను.

"దేనికి?"

"చెక్క నార అడ్డంగా పెట్టావు. నిలువుగా పెట్టు."

"అడ్డంగా ఉంటేనే అందం. ముప్పయ్యేళ్లుగా అలాగే పెడుతున్నా."

"ముప్పయ్యేళ్లుగా అది నీతో పోట్లాడుతోంది."

షీట్లు నెత్తిన మోసినదాన్ని నేను. ఒకలా పెట్టుకుంటే చెవుల మీదికి వేలాడి దారి కనబడనివ్వదు. పావు తిప్పి పెట్టుకుంటే బిగుసుకుపోయి నిలబడుతుంది. నార ఎటుందో దాన్నిబట్టే ఇదంతా. ఆ సంగతి నా మెడకి తెలుసు. మోయడం మానేసి ఇరవయ్యేళ్లయిన మామయ్య మెడకి ఏం గుర్తుంటుంది?

ముక్కని తిప్పాను. పైముఖం తడిగుడ్డతో తుడిచాను. ఒక అంచు బిగించి, రెండో అంచుని తొందరపడకుండా, కొంచెం కొంచెంగా అచ్చు చుట్టూ తీసుకొచ్చాను. చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. ఇస్త్రీపెట్టె ఊసే ఎత్తకుండా ఒంగిపోయింది.

"రహస్యం ఏంటమ్మా?" డాక్టరుగారు లేచి నిలబడ్డారు.

మామయ్య నేలచూపులు చూస్తున్నాడు.

"హస్తవాసి డాక్టరుగారూ," అన్నాను. "మామయ్య దగ్గర్నుంచి వచ్చింది."

డాక్టరుగారు వెళ్లాక మామయ్య కిటికీ పక్క బల్ల మీది కళ్లజోడు, పెన్సిళ్ల డబ్బా తీసుకుని మూలనున్న బల్ల దగ్గరికి నడిచాడు. నావైపు చూడకుండానే "దుమ్ము తుడుచుకో" అన్నాడు. వెంటనే తుడవలేదు. ఆ బల్ల మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చేంత సంతోషం.

ఇంటికెళ్లాక మామయ్య చెప్పులు విప్పుతూనే గొంతు సవరించుకున్నాడు. "ఏమే, చొక్కాల మీద ఆ మరకలు పిల్ల చేసినవి కావు. ఇస్త్రీపెట్టె నేనే పట్టుకెళ్తున్నా."

"తెలుసు," అంది అత్తయ్య.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. పెట్టెకి అంటుకున్న చెక్కపొట్టు నాకు కనబడదా? పిల్లని తిడుతుంటే మీకు నోరెప్పుడు పెగులుతుందా అని చూస్తున్నా. మూడేళ్లు పట్టింది."

నాకు ఒళ్లు మండింది. "అత్తయ్యా! ఆ తిట్లన్నీ తిన్నది నేను!"

"నువ్వు తక్కువదానివా?" అత్తయ్య సంచిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న వచ్చి ఎంత అమాయకంగా తాళం వేయించావే!"

మామయ్య మెల్లగా నావైపు తిరిగాడు. "తాళం వేయించింది నువ్వా?"

నేను అప్పటికే చెప్పులేసుకుంటున్నాను. ఆయన మనసు మారేలోపు వర్క్‌షాపుకెళ్లి నా పనిముట్లన్నీ కిటికీ పక్క బల్ల మీదికి చేర్చేయాలి.