మూడేళ్లు చదవని ఫైలు

శ్రీనివాసపురం మామిడి మండీలో నేత్రావతిని చూసి నవ్వనివాళ్లు లేరు. ముప్పైయేడేళ్ల మనిషి, కాయలు ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి లేచి వెళ్లి, తొట్టి దగ్గర నెత్తిన చెంబుడు నీళ్లు గుమ్మరించుకునేది. నీ ఒక్కదానికే వేరే సూర్యుడు వస్తాడా అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. ఎండ సంగతి సరే, పుష్యమాసం చలిలో కూడా దుప్పటి తన్నేయించే ఆ సెగ ఎక్కడిదో ఆ తల్లికి మాత్రం ఏం తెలుసు?

చివరికి ఒక గురువారం సర్కారు ఆసుపత్రికి వెళ్లింది. పాత కాగితాలు తెమ్మంటారని, మూడేళ్ల కిందట గర్భసంచి తీయించుకున్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఫైలు పట్టుకుపోయింది. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టెలో దాచిన ఫైలు అది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఎవరూ చదవలేదు. భద్రంగా దాచాం, అదే చాలనుకున్నారు ఇంటిల్లిపాదీ.

అదే ప్రైవేటు ఆసుపత్రిలో, అదే పొద్దున, చెల్లెలు శశికళకు అదే ఆపరేషన్. నెలసరి రక్తం ఆగడం లేదంటే, తీయించుకో, పీడ పోతుంది అని వెంటపడి ఒప్పించింది నేత్రావతే.

ఇక్కడ సర్కారు ఆసుపత్రిలో, కేజీఎఫ్ నుంచి వచ్చే డాక్టరమ్మ నాన్సీ నేత్రావతి ఫైలు తిప్పుతూ రెండో పేజీ దగ్గర ఆగింది.

"సంచితో పాటు రెండు ఓవరీలూ తీసేసినారే. నీకు చెప్పలేదా?"

"అవేమిటమ్మా?"

"గుడ్లు తయారయ్యేది అక్కడే. ఒంటికి కావాల్సిన హార్మోన్లు పుట్టేదీ అక్కడే. అవి పోతే, యాభై ఏళ్లకు రావాల్సిన మార్పు ఒక్కసారిగా వచ్చేస్తాది. ఈ సెగలు, నిద్ర పట్టకపోయేది, అంతా దాన్నించే."

ఆవు ఈనితే మాయ పడిందా లేదా అని ఇల్లిల్లూ అడిగి కనుక్కునే ఊరు వాళ్లది. నేత్రావతి ఒంట్లోంచి రెండు తీసి ఎవరూ ఒక్క మాటా చెప్పలేదు.

"నన్ను అడక్కుండానే తీసినారా?"

డాక్టరమ్మ పేజీ కింద చూపించింది. అన్నిటికీ ఒప్పుకున్నట్టు, వంకర అక్షరాల్లో తన సంతకమే.

"దీనికి మందుండాదమ్మా. ఈస్ట్రోజన్ మాత్ర గానీ, రాసుకునే జెల్ గానీ. ముందు బీపీ చూడల్ల, మీ ఇంట్లో ఎవరికన్నా రొమ్ము క్యాన్సర్ ఉండిందేమో కనుక్కోవల్ల. అది నీకు సరిపడకపోతే వేరే మాత్రలుండాయి."

నేత్రావతి గోడ గడియారం చూస్తోంది. పదకొండున్నర.

"రక్తం ఎక్కువ పోతే సంచి తీసే తీరల్లా అమ్మా?"

"చానామందికి అక్కర్లేదు. ముందు స్కాన్ చేసి కారణం చూడల్ల. మాత్రలతోనే తగ్గేవాళ్లు ఎందరో."

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. శశికళే ఎత్తింది.

"గౌను ఏసినారక్కా. ఇంగ పిలుస్తారు."

"పోవద్దు. లేసి బయటికి రా."

"నువ్వే కదా నా పానం తీసి ఒప్పించింది? సంతకం కూడా పెట్టేసినా."

"నేనే. తప్పు చేసినా. ఆ కాగితంలో ఏముందో చదివినావా?"



"ఇంగ్లీషు కదక్కా."

అంతలో నర్సు పిలుపు వినిపించింది. ఫోన్ పెట్టేయకుండానే శశికళ అడిగింది. "సిస్టర్, ఏమేమి తీస్తారు నాకు?"

"సంచి, ఓవరీలు. అందరికీ అంతే కదమ్మా."



"నా చీర యాడ పెట్టినారు?" అంది శశికళ.