సబ్బు టీచరు

పరీక్షరోజు పొద్దున, అలవాటుకొద్దీ కుళాయి కింద చేతులు పెట్టాక ఆమెకు గుర్తొచ్చింది: ఈరోజు ఎవరి జేబులూ తడమలేదు. కానీ గట్టు మీది సబ్బుబిళ్ల అప్పటికే చేతిలో ఉంది.

ఆ బడిలో నీతిపాఠాలు చెప్పేదీ ఆమే. పరీక్షరోజు గుమ్మంలో నిలబడి పిల్లల మేజోళ్లలో, చొక్కా మడతల్లో చీటీలు వెతికేదీ ఆమే. చెమటకు మెత్తబడిన ఆ కాగితాలు తగిలినప్పుడల్లా రోత పుట్టేది. తనిఖీ కాగానే చేతులు రుద్దిరుద్ది కడుక్కునేది. అందుకే పిల్లలు సబ్బు టీచరన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు దక్కిన బిరుదు అదొక్కటే.

ఈసారి హెడ్మాస్టరును పట్టుబట్టి ఒప్పించింది.

"వెతకనండీ. ఏడాదంతా చెప్పిన పాఠం నిలుస్తుందో లేదో చూద్దాం."

"మీ ఇష్టం. ఒక్క చీటీ దొరికినా, ఒక్కరు తప్పినా మీ నీతి పీరియడు తీసి లెక్కలకిచ్చేస్తా. తర్వాత నన్ననొద్దు."

గుమ్మం పక్కన బుట్ట పెట్టింది. చీటీ ఉంటే అందులో పడేసి లోపలికి రావచ్చు, అడిగేవారు లేరు. తలలు వంచుకుని కొందరు పడేశారు. ఆ కాగితపు ఉండలను చూసి ఆమెకు మొదటిసారి రోత కలగలేదు.

పరీక్ష మధ్యలో హెడ్మాస్టరు కబురు పంపాడు. లెక్కల మాస్టారిని గదిలో ఉంచి వెళ్లింది. పనికిమాలిన కబుర్లతో హెడ్మాస్టరు చాలాసేపు కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేసరికి తలెత్తకుండా అందరూ రాస్తున్నారు. మురిసిపోయింది.

గంట కొట్టాక ముందు బెంచీ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది.

"టీచర్, మీ పీరియడు ఎక్కడికీ పోదు! లెక్కల సారు జవాబులన్నీ చెప్పేశారు. మీకు చెప్పొద్దన్నారు."

"అయితే కాపీ కొట్టారా?"

"ఛీ! చీటీలు ఎవరూ ముట్టుకోలేదు టీచర్. మీరు వద్దన్నారుగా!"

పిల్ల ముఖంలో జంకు లేదు, మేలు చేసిన వెలుగుంది. వెనకే లెక్కల మాస్టారు నవ్వుతూ వచ్చాడు.

"ఏమనుకోకండి టీచరమ్మా. పొద్దున మీ ముఖం చూస్తే జాలేసింది. పెద్దసారుకీ తెలుసు. చీటీ దొరకలేదు, ఎవరూ తప్పరు. నీతి గెలిచినట్టేగా?"

చెమట కాగితాల కన్నా ఈ జాలి ఆమెకు జిగటగా తగిలింది. పిల్లలు అసహ్యించుకోవడం నేర్చుకున్నది చీటీనే, మోసాన్ని కాదు. ఇన్నాళ్లూ తాను వాళ్లకు అంటించింది నీతినా, తన చేతుల రోతనా?

హెడ్మాస్టరు వరండాలో ఎదురయ్యాడు. "శుభం. మీ పీరియడు ఉంటుంది."

"ఉండనివ్వండి. నేనుండను."

"ఇంత చిన్నదానికా?"

ఆమె కుళాయి దగ్గర ఆగి మోచేతుల దాకా కడుక్కుంది. పిల్ల పట్టుకున్న చేతిని మాత్రం రుద్దలేకపోయింది. తడి చేతులతోనే గేటు దాటింది.

గట్టు మీద సబ్బుబిళ్ల మిగిలింది, నడుమ ఆమె బొటనవేలు అరగదీసిన గుంట, ఆ గుంటలో ఆరిపోతున్న కాస్త నురగ.